అయిదుగురి ఒళ్ళు

యుద్ధం మొదలైన నాలుగో నెలలో, ఒక మంగళవారం పొద్దున ఎనిమిది గంటలప్పుడు, శ్రీకాకుళం వెళ్ళే హైవే మీద శత్రువిమానం ఒకటి దిగింది. కూలలేదు, దిగింది. ముందు రెండుసార్లు రోడ్డుకు బాగా దగ్గరగా వచ్చి పైకి లేచిపోయింది, బళ్ళు తప్పుకోవడానికి వ్యవధి ఇస్తున్నట్టు. లారీలు పక్కకు లాగేశాయి. బస్సులో జనం దిగి పొలాలకు అడ్డంపడి పరిగెత్తారు. మూడోసారి అది చక్రాలు ఆనించి, టోల్‌గేటుకు కిలోమీటరు ఇవతల ఆగింది.

పైలట్ కిందికి దిగి, హెల్మెట్ తీసి తారు మీద పెట్టి, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. నల్లగా, సన్నగా, మన మనిషిలాగే ఉన్నాడు. ఉల్లిపాయల లారీ డ్రైవరొకడు ధైర్యం చేసి నాలుగడుగులు ముందుకు వేస్తే, ఆ పైలట్ తెలుగులో అడిగాడు.

"నీళ్ళున్నాయేటి బాబూ? దాహంగా ఉంది."

అతని పేరు పైడెన్. సెలూరా దీవుల వైమానిక దళంలో లెఫ్టినెంట్. రెండు వందల ఏళ్ళ కిందట చెరుకు తోటల్లో పనికని ఈ తీరం నుంచే ఓడలెక్కి వెళ్ళిన కూలీల సంతతి. పైడయ్య అనే ముత్తాత పేరు ఆ దీవుల నోళ్ళలో పడి పైడెన్ అయింది. ఇప్పుడా దీవులకూ మనకూ సముద్రం అడుగున ఉన్న గనుల కోసం యుద్ధం.

విమానాన్ని విప్పి చూసిన ఇంజనీర్లకు అందులో కొత్తగా ఏమీ కనబడలేదు. కొత్తది అతని తలలో ఉంది. కుడి చెవి వెనక, ఎముక లోపల, ఆవగింజంత స్ఫటికం. ఎక్స్‌రేలో అది చూశాక అతన్ని భీమిలి దాటాక కొండ మీద ఉన్న రక్షణ ప్రయోగశాలకు తీసుకొచ్చి, నరాల శాస్త్రవేత్త డాక్టర్ హైమవతికి అప్పగించారు.

మొదటి రోజు ఆమె అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడింది. మాట్లాడుతున్నంత సేపూ అతను కుదురుగా లేడు. ఒకసారి కుడిపక్కకు ఒరిగాడు. ఒకసారి పొట్ట పట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఎడమ మోకాలు రుద్దుకున్నాడు. టీ కప్పు అందుకోబోయి ఒలకబోశాడు.

"ఏమవుతోంది మీకు?" అని అడిగింది హైమ.

"నాకేటీ అవనేదు డాక్టరమ్మా. లీసా మోకాలు మెట్టుకి కొట్టుకుంది. గురెన్ బావ విమానం ఎక్కినాడు, కుడికి తిప్పుతున్నాడు."

"వాళ్ళెక్కడున్నారు?"

"అక్కడే. దీవుల్లో."

రెండు వేల కిలోమీటర్ల దూరం. హైమ కలం కింద పెట్టింది.

తర్వాత వారం రోజుల్లో కొంచెం కొంచెంగా తెలిసింది. ఒకే స్ఫటికాన్ని అయిదు గింజలుగా కోసి అయిదుగురు పైలట్ల తలల్లో పెట్టారు. ఒక గింజలో పుట్టిన అదురు మిగతా నాలుగింటిలోనూ అదే క్షణంలో పుడుతుంది. మధ్యలో ఎంత దూరమున్నా సరే. ఒకరి ఒంటికి తెలిసింది అయిదుగురి ఒంటికీ తెలుస్తుంది. వాళ్ళకు రేడియోలో మాట అవసరం లేదు. అయిదు విమానాలూ ఒకే పక్షిలాగా తిరిగేవి. పైలట్లు దాన్ని 'తాడు' అనేవారు. గురెన్ ఆ అయిదుగురికీ నాయకుడు, పైడెన్ అక్క అచ్చెమ్మ భర్త. లీసాకు ఇరవై రెండేళ్ళు, అందరికన్నా చిన్నది.

"ఇంత దూరమొత్తే తాడు తెగిపోద్దనుకున్నాను. తెగనేదు," అన్నాడు పైడెన్.

దాన్ని తీసేయమని అడిగాడు. తియ్యాలంటే ముందు అది నరాలతో ఎలా ముడిపడిందో చదవాలి అంది హైమ. అది నిజమే. ఆ చదివినదంతా ప్రతి సాయంత్రం వైమానిక దళానికి వెళ్తుందని కూడా ఆమెకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

ప్రయోగశాల వంటవాళ్ళు వండింది అతనికి సయించేది కాదు. రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. హైమకు పెళ్ళి కాలేదు, తల్లి సన్యాసమ్మతో కలిసి ఆ ఆవరణలోనే క్వార్టర్సులో ఉండేది. ఒకరోజు సన్యాసమ్మ గిన్నెలో ఉలవచారు పంపింది. అతను గిన్నె ఖాళీ చేసి, చేసినావిడను చూస్తానన్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు ఉండేవారు.

అతని తెలుగు హైమకు సగమే అర్థమయ్యేది, సన్యాసమ్మకు పూర్తిగా అర్థమయ్యేది.

"మా అమ్మమ్మ నోట విన్న మాటలే ఈడంటాడు. ఎక్కడో సముద్రం అవతల దాచిపెట్టినారు మన మాటల్ని," అనేదావిడ కూతురితో.

అలా ఒక మధ్యాహ్నం, చింతచిగురు నలుపుతూ సన్యాసమ్మే అడిగింది. "ఎందుకొచ్చీసినావు నాయనా? అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, అందరూ అక్కడే కదా."

అతను చాలాసేపు చేతులు నేలకు రాసుకుంటూ కూర్చున్నాడు.

"పడవలమ్మా. మీ తీరం కాడ, చేపల పడవలు. వాటి చాటున మీ నౌక ఉందని సెప్పినారు. అయిదుగురం దిగినాం. కాల్చినాం. నౌక నేదు, ఏటీ నేదు. అప్పుడు తాడు మీద ఒక సంతోసం వచ్చింది. నా గుండెలోకి వచ్చింది. చిన్నప్పుడు పందెంలో గెలిస్తే వస్తాది చూడు, అలాటిది. అది గురెన్ బావది. బావ సంతోసపడితే నాను ఆపలేను కదా, నా ఒళ్ళూ సంతోసపడింది. నేల మీద దిగి ఆ రోజంతా వాంతులు చేసుకున్నాను. మళ్ళీ ఆళ్ళతో ఎగిరితే, ఇంకోసారి ఆ సంతోసం వస్తే, నాను బతకనేను. అందుకు వచ్చీసినాను."

సన్యాసమ్మ చింతచిగురు బుట్ట పక్కకు జరిపి, అతనికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ప్రయోగశాలలో ఒక కుర్చీ చేయించింది హైమ. కూర్చున్న మనిషి బరువు ఏ పక్కకు ఎంత ఒరుగుతోందో కొలిచే కుర్చీ. మూడు వారాల్లో నలుగురినీ విడదీసి గుర్తుపట్టడం ఆమెకు వచ్చేసింది. గురెన్ మలుపు నిదానంగా ఉంటుంది. లీసా మలుపు తొందరగా, చివర్లో చిన్న కుదుపుతో ఉంటుంది. ఎవరు నేల విడిచారో, ఏ దిక్కుకు తిరిగారో, ఎంతసేపు నేరుగా వెళ్ళారో కాగితం మీద గీత వచ్చేది. ఆ గీతలు కలిపితే దారి వచ్చేది.

వైమానిక దళం తరఫున ఆ పని చూసే అధికారి గ్రూప్ కెప్టెన్ సోమయాజులు ఆ కాగితాలు చూసి కళ్ళద్దాలు తీశాడు.

"డాక్టర్ గారూ, ఇది మా రాడార్ కన్నా పావుగంట ముందు చెబుతోంది. పోయిన వారం విశాఖ పోర్టు మీద పడ్డ బాంబులకు ఎంతమంది పోయారో మీకు తెలుసు. ఆ పావుగంట ఉంటే వాళ్ళు బతికేవాళ్ళు."

హైమకు ఆ సంఖ్య తెలుసు. కాదనడానికి ఆమెకు కారణం దొరకలేదు. మర్నాడు పైడెన్ కాలికి ఒక పట్టీ కట్టారు. కుర్చీలో లేనప్పుడు కూడా అది కొలతలు పంపుతుంది. నిద్రలో గుండె ఎలా కొట్టుకుంటోందో చూడటానికని చెప్పింది హైమ. అబద్ధం చెప్పడం అదే మొదలు.

తొమ్మిది రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతూ పైడెన్ గోడ పట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. వెల్లకిలా నేల మీద పడి, రెండు చేతులతో పైన ఏదో లాగడానికి పెనుగులాడాడు. సన్యాసమ్మ అతని తల ఒళ్ళోకి తీసుకుంది. హైమ నాడి పట్టుకుని గడియారం చూసింది. నలభై సెకన్లు. తర్వాత అతని ఒళ్ళు ఒక్కసారిగా సడలిపోయింది.

"లీసా," అన్నాడు. "ఆ పిల్లగుంట విమానం తలుపు తీయబోయింది. రానేదు."

ఆ సాయంత్రం రేడియోలో చెప్పారు. మన విమానాలు శత్రువిమానం ఒకదాన్ని సముద్రం మీదే కూల్చాయట. పైడెన్ విన్నాడు. కాలి పట్టీ వంక చూసుకున్నాడు, తర్వాత హైమ వంక.

"నన్ను చూసే కనిపెట్టినారా డాక్టరమ్మా?"

అవునంది హైమ.

"నాను ఆళ్ళని వదిలి వచ్చినాను గానీ, ఆళ్ళని పట్టిద్దామని రానేదు."

మర్నాడు అతను కుర్చీలో కూర్చోనన్నాడు. పట్టీ తీసేయమన్నాడు. సోమయాజులు కుర్చీకి తోలుపట్టీలు వేయించాడు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు కట్టేసేవారు. తిండి మానేస్తాడేమోనని భోజనానికి మాత్రం సన్యాసమ్మ దగ్గరికి పంపేవారు. అతను ఆవిడతోనూ మాట్లాడటం మానేశాడు. ఇంట్లో ఆ గది నుంచి ఈ గదికి, ఈ గది నుంచి ఆ గదికి నడుస్తూ ఉండేవాడు. మెతుకులు నోట్లో పెట్టుకుని కూడా నడిచేవాడు.

"కూర్చోబెట్టి రెండు ముద్దలు తినిపించే దారి లేకుండా చేసినావు గదే ఆ పిల్లణ్ణి," అంది సన్యాసమ్మ కూతురితో.

హైమ సగం తిన్న కంచం తీసుకుని లేచింది.

మూడో రోజు మధ్యాహ్నం, నడుస్తున్నవాడు వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. కుడిపక్కకు, నిదానంగా ఒరిగాడు. అది ఎవరి మలుపో హైమకు తెలుసు. గురెన్ నేల విడిచాడు. ఈ పాటికి కాలి పట్టీ కబురు పంపేసి ఉంటుంది. ఎక్కడో మన విమానాలు బయల్దేరుతూ ఉంటాయి.

పైడెన్ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. పులుసు గిన్నె దించి కింద పెట్టాడు. మంట పెద్దది చేసి, కుడి అరచెయ్యి దాని మీద పెట్టాడు.

సన్యాసమ్మ అతన్ని నడుం పట్టుకుని లాగింది. అతను కదలలేదు. నోరు తెరిచి అరుస్తున్నాడు, అయినా చెయ్యి తియ్యడం లేదు. హైమ సిలిండర్ కట్టేసేసరికి చాలా ఆలస్యమైంది. నేల మీద కూలబడి, గోడకు జారబడి, కళ్ళు మూసుకుని అతను ఎడమపక్కకు ఒరిగాడు. ఇంకా ఒరిగాడు.

"తిరిగినాడు," అన్నాడు. "బావ ఎనక్కి తిరిగినాడు."

మర్నాడు పొద్దున సోమయాజులు వచ్చాడు. కోప్పడతాడనుకుంది హైమ. అతను నెమ్మదిగానే మాట్లాడాడు.

"ఇతను కాల్చుకుంటే అక్కడ వాళ్ళ చేతులు పనిచెయ్యలేదు. అంతే కదా? అయితే ఎప్పుడు కాల్చాలో మనమే ఎంచుకోవచ్చు. నీళ్ళకు దగ్గరగా ఎగురుతున్నప్పుడు ఒక్క షాక్ చాలు. మన విమానాలు వెళ్ళక్కర్లేదు. మన పిల్లలు చావక్కర్లేదు. రేపటికి ఏర్పాటు చెయ్యండి."

"ఇతను మనిషి సార్."

"పోర్టులో పోయినవాళ్ళూ మనుషులే డాక్టర్ గారూ. నాకు సరదా అనుకుంటున్నారా?"

సరదా కాదని అతని మొహంలోనే తెలుస్తోంది. రాత్రుళ్ళు నిద్ర ఉన్నట్టు లేదు. అతను వెళ్ళిపోయాక హైమ పైడెన్ గదికి వెళ్ళి, తలుపు వేసి, జరగబోయేదంతా చెప్పింది. ఏదీ దాచలేదు.

అతను కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "నన్ను చంపీయండి మరి. తాడు తెగిపోద్ది."

"చంపితే వాళ్ళకు మీ చావు తెలియదా?"

"తెలుస్తాది." కాసేపు ఆగి అన్నాడు. "లీసాకి ఒకసారి జొరమొచ్చింది. నిద్రమాత్రేసుకుని పడుకుంది. మేం నలుగురం భోజనం కాడే తూలిపోయినాం. ఆ రోజు మమ్మల్ని ఎగరనివ్వనేదు."

ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"ఇప్పుడు వాళ్ళెక్కడున్నారు?" అని అడిగింది.

"ముగ్గురూ నేల మీదే. బావ ఏదో తింటున్నాడు. చెయ్యి నొప్పికి ఎడం చేత్తో తింటున్నాడు."

"మత్తుమందు నెమ్మదిగా ఎక్కిస్తాను. ఆరు గంటలు పడుతుంది. ఎవరూ విమానం ఎక్కే వీలు లేకుండా ముందే మత్తు తెలుస్తుంది. ఎన్నాళ్ళు నిద్రపోవాలో నేను చెప్పలేను. లేవకపోవచ్చు కూడా."

"ఎగరకపోతే ఆళ్ళు చావరు. ఇక్కడోళ్ళూ చావరు. ఎక్కించండి డాక్టరమ్మా." పడుకుని, మళ్ళీ లేచి కూర్చున్నాడు. "మీకేటి అవుతాది?"

"అది తర్వాత చూద్దాం," అంది హైమ.

గాయం విషమించి రోగి స్పృహ తప్పాడని ఆమె తన చేత్తోనే రాసి సంతకం పెట్టింది.

ముప్ఫై నాలుగు రోజులు అతను నిద్రపోయాడు. సన్యాసమ్మ రోజూ వచ్చి అతని కాళ్ళూ చేతులూ తుడిచేది, పక్కలు మార్చేది. సోమయాజులు వేరే డాక్టర్లను తెచ్చి చూపించాడు. వాళ్ళకు అనుమానమే గానీ తేల్చలేకపోయారు. హైమ మాత్రం రోజూ తెరమీది గీతల ముందు కూర్చునేది. పద్దెనిమిదో రోజున, పదకొండు గంటలప్పుడు, నిద్రలోనే పైడెన్ మొహం కుడిపక్కకు వంకరపోయింది. మిగిలిన ముగ్గురి గీతల్లో ఒకటి ఆగిపోయింది. నాలుగు రోజులకు రెండోది. ఇంకో రెండు రోజులకు గురెన్ గీత. అక్కడ గింజలు కోసి తీసేస్తున్నారని ఆమెకు అర్థమైంది. ఆ కోతలో వాళ్ళు బతికారో లేదో తెలుసుకునే దారి లేదు.

ఆ తర్వాత వారానికి రెండు దేశాలూ కాల్పులు ఆపాయి. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇద్దరి దగ్గరా ఇంధనం అయిపోయింది.

లేపాక పైడెన్ కళ్ళు తెరిచి చాలాసేపు పైకప్పు వంక చూశాడు.

"ఎవలూ నేరు," అన్నాడు.

తాడు తెగితే చాలని వచ్చినవాడు, తెగాక నడవలేకపోయాడు. అయిదుగురి ఒళ్ళు మోయడం అలవాటైన కాళ్ళకు ఒక్క ఒళ్ళు మోయడం తెలియలేదు. నిలబడితే పడిపోయేవాడు. నెల రోజులు సన్యాసమ్మ భుజం పట్టుకుని నడిచాడు. కుడిచేతి వేళ్ళు మూడు మళ్ళీ వంగలేదు.

హైమ మీద విచారణ జరిగింది. అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పింది. సోమయాజులు కూడా సాక్ష్యం చెప్పాడు. ఆమె అబద్ధపు కాగితం రాసిందన్నాడు. దించుకున్న తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నాడు. "ఆ ముప్ఫై నాలుగు రోజులూ పోర్టు మీద ఒక్క బాంబు పడలేదు. అదీ రాసుకోండి." హైమకు జైలు తప్పింది, ఉద్యోగం పోయింది. భీమిలిలో ఒక చిన్న ఆసుపత్రిలో కుదురుకుంది.

సెలూరాలో పైడెన్‌కు మరణశిక్ష వేశారు. ఇక్కడ అతన్ని పంపలేదు, అక్కున చేర్చుకోనూ లేదు. మూడు నెలలకోసారి పొడిగించే ఒక కాగితం ఇచ్చి వదిలేశారు. సన్యాసమ్మ తమ కొత్త ఇంట్లోనే వెనకగది ఇచ్చింది.

ఫోన్లు మళ్ళీ కలిశాక ఒక ఆదివారం అచ్చెమ్మ మాట్లాడింది. తమ్ముడి గొంతు విని కాసేపు ఏడ్చింది. బావ బతికే ఉన్నాడంది. కుడి చెవి వినబడదట, మిగతా ఇద్దరూ బాగానే ఉన్నారట. తర్వాత ఫోన్ గురెన్ తీసుకున్నాడు.

"చెయ్యి కాల్చింది నువ్వే గదరా."

"నానే బావా."

"లేకపోతే నాను ఆ రోజే పోదును. తెలుసు నాకు." గురెన్ గొంతు తగ్గించాడు. "ఎందుకు పోయినావో అది ఒక్కటే తెల్దు. మీ అక్క రోజూ అడుగుతాది."

"ఆ పడవల రోజు బావా. నీకు వచ్చింది చూడు, ఆ సంతోసం. అది ఓర్వనేకపోయాను."



"నాకు రానేదురా," అన్నాడు గురెన్. "అది నీ వైపు నించి వచ్చింది. నలుగురం అలగే అనుకున్నాం. నా పెళ్ళాం తమ్ముడివని నాను ఎవలికీ సెప్పనేదు."

పైడెన్ ఫోన్ పెట్టేశాడు. హైమ దగ్గరికి వచ్చి నిలబడి, మీరు గీసిన గీతల్లో ఆ రోజుది ఏమైనా ఉందా అని అడిగాడు. లేదంది. ఉన్నా తెలియదంది. "అయిదు గింజల్లో ఏది ముందు అదిరిందో చెప్పే పరికరం ఎవరి దగ్గరా లేదు. వాళ్ళు కూడా ఒకరిది ఇంకొకరిది అనుకుని ఉండొచ్చు. లీసాదే కావచ్చు."

"చచ్చిపోయిన పిల్లగుంట మీదకి నెట్టీమంటారా?"



వారం రోజులు అతను పొద్దున్నే లేచి సముద్రం ఒడ్డున నడిచి, ఎండ నెత్తికెక్కాక వచ్చేవాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఎనిమిదో రోజున చొక్కా మార్చుకుని వచ్చి, గుల్లపేటకు బస్సు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆ పడవలు గుల్లపేటవి. హైమ ఆసుపత్రికి సెలవు పెట్టి వెంట వెళ్ళింది.

గుల్లపేటలో ఆ రోజు పదకొండు మంది పోయారు. ఊరి మొదట్లో ఉన్న ఇంటి ముందు ఎర్రమ్మ అనే ఆవిడ ఎండుచేపలు తిరగేస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. పైడెన్ వెళ్ళి ఆవిడ ముందు ఇసకలో కూర్చున్నాడు.

"ఎవులు బాబూ మీరు?"

"ఆ రోజు మీ పడవల మీద కాల్చిన అయిదుగురిలో నానొకణ్ణి అమ్మా."

ఆవిడ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. అతను చెప్పుకుపోయాడు. ఎంత కిందికి దిగారో చెప్పాడు. నౌక లేదని ఎప్పుడు తెలిసిందో చెప్పాడు. తెలిశాక కూడా ఒకసారి తిరిగొచ్చి కాల్చామన్నాడు. ఆ సంగతి హైమకు కూడా అంతవరకూ తెలియదు.

"అప్పుడు సంతోసమేసింది. నాదేనమ్మా అది. ఇంకెవలిదీ కాదు."

ఎర్రమ్మ అతని మొహం వంక, వంగని వేళ్ళ వంక చూసింది. అరుస్తుందనీ, ఊరంతా పోగవుతుందనీ హైమ భయపడింది. ఆవిడ చాలా చిన్న గొంతుతో అడిగింది.

"పైనించి మావోళ్ళు కనబడినారా?"

"కనబడినారు. ఒకాయన నిలబడి తువ్వాలు ఊపినాడు."

"ఏ రంగు?"

"ఎర్రది."

"అది మా మరిది." ఎర్రమ్మ చేప కింద పెట్టింది. "మా ఆయనది నీలం. నీలం తువ్వాలు కనబడినాదా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపు వెతుక్కున్నాడో హైమకు తెలియదు. కళ్ళు తెరిచి, తల అడ్డంగా ఊపాడు.

"కనబడనేదమ్మా."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, లేచి, దడి అవతల ఇల్లు చూపించింది.

"ఎర్ర తువ్వాలోడి ఇల్లది. ఆడి పెళ్ళాం ఇంట్లోనే ఉంది. ఎల్లి సెప్పు. తర్వాత ఆ ఎనకిల్లు. పదకొండిళ్ళూ సెప్పాల నువ్వు. మజ్జిలో ఎల్లిపోకు."

పైడెన్ లేచాడు. ఇసకలో కాలు తూలితే హైమ పట్టుకోబోయింది. అక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, దడి దాటి, ఒక్కడే ఆ ఇంటి ముందుకు వెళ్ళి పిలిచాడు.